మొల్లిపాడు మొగ

పొన్నాన తవిటినాయుడు ఇరవయ్యారేళ్ళ సర్వేయరు ఉద్యోగంలో రికార్డులో ఒక్క అబద్ధం కూడా రాయలేదు. అంత పని చేసినవాడికి ఎప్పుడో ఒకప్పుడు శిక్ష పడక తప్పదని తోటి ఉద్యోగులందరికీ తెలుసు. కాకపోతే ఆ శిక్ష ఒక గెడ్డ రూపంలో వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ముందు ఆ గెడ్డ సంగతి చెప్పుకోవాలి. కొండలకీ సముద్రానికీ మధ్య ఎక్కువ చోటు లేని జిల్లా అది. పెద్ద నదుల్లాగా తీరిగ్గా ఊళ్ళు తిరిగి, పుష్కరాలు చేయించుకుని, ఆనకట్టలు కట్టించుకునే వీలు అక్కడి నీళ్ళకి లేదు. కొండ మీద పుట్టి, గబగబా దిగి, సముద్రంలో పడిపోవడమే. అలాంటి చిన్న ఏటిని అక్కడ గెడ్డ అంటారు. ఈ గెడ్డ మొత్తం పొడవు నలభయ్యారు కిలోమీటర్లు. కుంకుడుగూడ అనే కొండ ఊరికి పైన, రాళ్ళ సందులోంచి బొటనవేలు లావున బయటికొస్తుంది. అక్కణ్ణించి దిగి బూరుగువలస పొలాలు తడిపి, మొల్లిపాడు పక్కగా వొంకర్లు పోయి, చివరికి గుల్లవానిపేట అనే చేపలవాళ్ళ ఊరు చేరుతుంది. అక్కడ ఇసుక మేట అడ్డం రావడంతో ఉత్తరానికి తిరిగి, ఒడ్డు వెంబడే రెండు ఫర్లాంగులు నడిచి, సందు దొరికిన చోట సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటుని పేటవాళ్ళు మొగ అంటారు.

ఇక పేరు. ఆ నాలుగు ఊళ్ళకీ ఒక అలవాటుంది. నీరు పై ఊరినుంచి వస్తుంది కాబట్టి దాన్ని పై ఊరి పేరుతోనే పిలుస్తారు. గుల్లవానిపేటలో అడిగితే అది మొల్లిపాడు గెడ్డ. మొల్లిపాడులో అడిగితే బూరుగువలస గెడ్డ. బూరుగువలసలో కుంకుడుగూడ గెడ్డ. కుంకుడుగూడవాళ్ళకి పైన ఊరంటూ లేదు, రాళ్ళే ఉన్నాయి. అందుకని వాళ్ళు దాన్ని 'నీరు' అని ఊరుకున్నారు. కోడలిని పుట్టింటి ఊరి పేరుతో పిలుచుకున్నట్టు, వచ్చిన నీటిని వచ్చిన చోటు పేరుతో పిలుచుకున్నారంతే. తాతల కాలంనుంచీ ఇదే వరస. దీనివల్ల నీరు ఎన్నడూ దారి తప్పలేదు.

అలా ఉండగా సర్కారుకి నదుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. 'ఒకే ఏరు - ఒకే పేరు' అని ఒక పథకం పెట్టారు. రాష్ట్రంలో ఉన్న ప్రతి నదికీ, వాగుకీ, గెడ్డకీ ఒక పేరు, ఒక నంబరు ఇచ్చి కంప్యూటరులో ఎక్కించాలి. జిల్లాకొక ప్రత్యేకాధికారిని వేశారు. ఈ జిల్లాకి వచ్చినాయన వేమకోటి పరబ్రహ్మంగారు. అంతకుముందు పని చేసిన పట్టణంలో వీధికుక్కలకి వార్డులవారీగా నంబర్లు ఇచ్చిన ఘనత ఆయనది. కుక్కలు వార్డులు మారిపోతున్నాయని తెలిసి వార్డుల సరిహద్దులే మార్పించారని కూడా చెప్పుకునేవారు.

తవిటినాయుడికి ఒక ఫారం ఇచ్చారు. అందులో రెండే గళ్ళు. ఒకటి ఊరి పేరు, రెండోది ఆ ఊళ్ళో నదిని ఏమంటారు అని. మనవాడు మోపెడ్ వేసుకుని నాలుగు ఊళ్ళూ తిరిగి, ఊరికి పదిమందిని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేశాడు. అదే అతను చేసిన తప్పు.

ఆ కంప్యూటరుకి పొరపాట్లు దిద్దుకునే తెలివి పెట్టి ఉంచారు. ఒక ఊరి పేరున్న నది ఆ ఊళ్ళోనే ఉండి తీరాలని దానికి నేర్పారు. 'మొల్లిపాడు గెడ్డ' గుల్లవానిపేటలో ఉన్నట్టు ఎవడో తెలివితక్కువ సర్వేయరు రాశాడని గ్రహించి, అది ఆ గెడ్డని తీసుకెళ్ళి మొల్లిపాడులో పెట్టింది. మొల్లిపాడులో ఉన్నదాన్ని బూరుగువలసకి, బూరుగువలసలో ఉన్నదాన్ని కుంకుడుగూడకి ఎక్కించింది. కుంకుడుగూడవాళ్ళు చెప్పిన 'నీరు'కి ఊరు దొరక్క కొండ శిఖరం మీద వదిలేసింది. ఒక్క పూటలో నది మొత్తం ఒక ఊరు పైకి జరిగి కూర్చుంది. గుల్లవానిపేటకి ఎదురుగా 'నది: లేదు' అని పడింది.

రంగుల్లో అచ్చయి వచ్చిన పటం చూసి తవిటినాయుడు ముక్కున వేలేసుకున్నాడు. నీలి గీత కొండ మీంచి దిగి, మొల్లిపాడు వరి చేల మధ్యకి వచ్చి, సముద్రం ఇంకా తొమ్మిది కిలోమీటర్లు ఉందనగా ఆగిపోయింది. ఆ పటం చంకన పెట్టుకుని పరబ్రహ్మంగారి దగ్గరికి పరుగెత్తాడు. గెడ్డ గుల్లవానిపేట దాకా వస్తుందనీ, తను చిన్నప్పట్నించీ చూస్తున్నాననీ మొత్తుకున్నాడు.

పరబ్రహ్మంగారు కోప్పడలేదు. కళ్ళజోడు తుడుచుకుని అడిగారు.

"గుల్లవానిపేట గెడ్డ అను నామధేయమును ఏ గ్రామస్థులైనా ధ్రువీకరించినారా?"

"లేదండి. కింద ఊరుంటే వాళ్ళు అందురు. కింద ఊరు లేదండి, సముద్రమే ఉంది."

"సముద్రమును విచారించినారా?"

లేదని ఒప్పుకున్నాడు తవిటినాయుడు. విచారించలేదని ఫైల్లో రాసుకున్నారు.

ఉపగ్రహం తీసిన ఫోటో చూపిస్తే పరబ్రహ్మంగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నీరు కనబడుచున్నమాట వాస్తవమే కానీ ఉపగ్రహమునకు గ్రామముల పేర్లు తెలియవు గదా అని వెనక్కి ఇచ్చేశారు. పటం మీద నది లేదు, నేల మీద నీరుంది. కాబట్టి అది అనధికార నీరు అని తేల్చారు. సర్కారు భూమిని ఆక్రమించుకున్నందుకు గుల్లవానిపేట గట్టున కర్ర పాతి, దానికి నోటీసు కట్టించారు. ఆక్రమణదారు పేరు: నీరు. తండ్రి పేరు: తెలియదు. ఏడు రోజుల్లో ఖాళీ చేయవలెను.

అది మంచి ఎండాకాలం. ఏడో రోజుకి గెడ్డలో నీరు జానెడు తగ్గింది. నోటీసు పని చేస్తోందని పరబ్రహ్మంగారు పైకి నివేదిక పంపారు.

మొల్లిపాడు సంగతి ఇంకా ముచ్చటగా తయారైంది. తీరప్రాంత నది ఏదైనా సముద్రంలోనే ముగియాలని నియమం. ఈ నది మొల్లిపాడులో ముగుస్తోంది. అంచేత మొల్లిపాడు సముద్రతీరం. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. వారం తిరక్కుండా గురుగుబెల్లి లక్కునాయుడనే రైతు పొలంలో 'అలలు ఉధృతముగా నున్నప్పుడు స్నానములకు దిగరాదు' అని ఎర్రబోర్డు వెలిసింది. ఆ పక్కనే ఉప్పెన వస్తే ఎటు పరుగెత్తాలో చూపిస్తూ ఒక బాణం గుర్తు. అది సరిగ్గా అసలు సముద్రం వైపు చూపిస్తోంది. ఆ తర్వాత ఇద్దరు గజ ఈతగాళ్ళు ఉద్యోగానికి వచ్చారు. రబ్బరు చక్రాలు మెడలో వేసుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా పొలం గట్టున కూర్చునేవారు. చేలో పడిన గేదెలని ఈల వేసి బయటికి రప్పించడం మొదలెట్టాక రైతులకి వాళ్ళ మీద అభిమానం కూడా కలిగింది.

అయితే సుఖం ఎంతసేపని? తీరానికి అయిదు వందల మీటర్ల లోపు కట్టడాలు ఉండకూడదని లక్కునాయుడి పశువులపాక తీసేయమన్నారు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి రెండు నెలలు మొల్లిపాడువాళ్ళెవరూ వేటకి వెళ్ళకూడదన్నారు. వాళ్ళు బుద్ధిగా ఒప్పుకున్నారు. ఈ ఒక్క ఆజ్ఞనీ జిల్లాలో నూటికి నూరుపాళ్ళు పాటించిన ఊరు అదేనని మెచ్చుకుంటూ ఒక పత్రం కూడా వచ్చింది. పట్నంనుంచి ఆదివారాలు జనం సముద్రం చూద్దామని వచ్చి, బోర్డు దగ్గర ఫోటోలు దిగి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తిని, కాసేపు చేలవంక చూసి వెళ్ళిపోయేవారు. ఒక్కడైనా సముద్రమేదీ అని అడగలేదు. బోర్డుండగా అడిగితే బావుండదనుకున్నారో ఏమో.

ఇక్కడిదాకా నవ్వుకోవడానికి బాగానే ఉంది. తవిటినాయుడు కూడా ఇంటికెళ్ళి భార్యకి చెప్పి నవ్వాడు. గనగళ్ళ పోలమ్మ ఆఫీసుకి వచ్చిన రోజున మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది.

పోలమ్మ గుల్లవానిపేటలో పెద్దావిడ. అరవై దాటినా చేపల తట్ట నెత్తినెత్తుకుని ఆరు మైళ్ళు నడిచే మనిషి. ఏటా మొగ ఎక్కడ కొయ్యాలో చెప్పేది ఆవిడే. చలికాలం పోయాక సముద్రం ఇసుక తెచ్చి మొగని మూసేస్తుంది. ఎండాకాలమంతా గెడ్డ ఆ ఇసుక మేట వెనక చెరువులా నిలబడి ఉంటుంది. మృగశిర కార్తెలో కొండ మీద మొదటి పెద్ద వాన పడగానే కుంకుడుగూడవాళ్ళు కబురు చేస్తారు. పోలమ్మ మేట మీద నడుస్తూ, ఇసుకలో మడమ గుచ్చి చూస్తూ, మెత్తగా తగిలిన చోట ఆగి 'ఇక్కడ' అంటుంది. పేటలో ఇంటికొక పార, పైనుంచి మొల్లిపాడు రైతులవి ఇంకో యాభై పారలు. మూరెడు వెడల్పున కాలువ తీస్తే చాలు, మిగతాది నీరే కోసుకుంటుంది. సాయంత్రానికి అరవై మీటర్ల మొగ తెరుచుకుంటుంది. కొయ్యకపోతే వరదనీరు పోయే దారి లేక వెనక్కి తంతుంది. ముందు పేటలో పల్లపు వీధి మునుగుతుంది, నూట నలభై ఇళ్ళు. ఆ తర్వాత మొల్లిపాడువాళ్ళు వరినారు పోసుకున్న ఆకుమళ్ళు.

ఆ ఏడు పేటవాళ్ళు పారలు సానబెట్టుకుంటుంటే ఒక కానిస్టేబులు వచ్చి, నది లేని చోట ఒడ్డున ఇసుక తవ్వితే దొంగతవ్వకం కింద కేసు అవుతుందని చెప్పి వెళ్ళాడు. అందుకని పోలమ్మ అర్జీ పట్టుకుని వచ్చింది. పరబ్రహ్మంగారు ఆవిడని కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, మొగ కొయ్యడానికి అనుమతి తప్పకుండా ఇస్తామనీ, ఆ మాటకొస్తే ఇప్పటికే సిద్ధం చేశామనీ చెప్పారు. మొల్లిపాడులో లక్కునాయుడి పొలం దగ్గర కోసుకోవచ్చని రాసి ఉంది ఆ కాగితంలో.

పోలమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. తవిటినాయుడు ఆవిడ పక్కనే నిలబడ్డాడు. ఆ నాలుగు పేర్లూ తన చేత్తో రాసినవే అని అతనికి సిగ్గుగా ఉంది. తప్పు రాయలేదని మనసుకి ఎంత చెప్పుకున్నా సిగ్గు పోలేదు.

"సర్వేరు బాబూ, మీ కాయితంలో గెడ్డ నేదు, సరే," అంది పోలమ్మ. "మా ఇళ్ళున్నాయా?"

ఉన్నాయన్నాడు తవిటినాయుడు. మరైతే అవి మునిగితే ఎందులో మునిగాయని రాస్తారని అడిగిందావిడ.

ఆ మర్నాటినుంచీ తవిటినాయుడు గెడ్డని సముద్రంలో కలిపే పని మీద పడ్డాడు. తలప్రాణం తోకకొచ్చింది. పటంలో తప్పుందని దిద్దమనడానికి నదీతీర గ్రామస్థులే అర్జీ పెట్టాలి. గుల్లవానిపేట నదీతీర గ్రామం కాదు కాబట్టి వాళ్ళ అర్జీ చెల్లదు. మొల్లిపాడువాళ్ళు పెట్టొచ్చుగానీ, వాళ్ళ ఊళ్ళో నది ఉన్నట్టు పటంలో సరిగ్గానే ఉంది కాబట్టి వాళ్ళకి ఫిర్యాదు చేసే హక్కు లేదు. ఒడ్డు వెంబడి పక్కనున్న ఇంకో చేపల ఊరివాళ్ళు సముద్రంలోంచి గుర్తుగా దీన్ని గుల్లవానిపేట మొగ అంటారని తెలిసి, తవిటినాయుడు వాళ్ళ చేత వేలిముద్రలు వేయించి తెచ్చాడు. వాళ్ళు నదికి బయటివాళ్ళు, చూసింది కూడా వెనకవైపునుంచి, అని అది కూడా కొట్టేశారు.

మనవాడు ఎంతకీ వదలకపోవడంతో పరబ్రహ్మంగారికే జాలేసింది. రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు.

"నాయుడుగారూ, నది పేరు మార్చుటకు పదకొండు శాఖల నిరభ్యంతర పత్రములు కావలెను. ఊరి పేరు మార్చుటకు ఒక బోర్డు, ఒక డబ్బా రంగు చాలును. నది దిగిరానిచో ఊళ్ళనే దింపెదము."

అంటే ఏమిటంటే, ప్రతి ఊరి పేరూ ఒక మెట్టు కిందికి దింపేస్తారు. గుల్లవానిపేటకి మొల్లిపాడు అని పేరు పెడతారు. అప్పుడు 'మొల్లిపాడు గెడ్డ' తనంతట తనే సముద్రపు ఒడ్డుకి వచ్చేస్తుంది. మొల్లిపాడు బూరుగువలస అవుతుంది, బూరుగువలస కుంకుడుగూడ అవుతుంది. కొండ మీద కుంకుడుగూడకి ఏ పేరూ మిగలదు కాబట్టి, ఖాళీగా పడి ఉన్న గుల్లవానిపేట అన్న పేరు వాళ్ళకి ఇస్తారు. ఆ ఊళ్ళో సముద్రపు గుల్లని చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా సర్కారు ఇచ్చింది వద్దనకూడదని పుచ్చుకున్నారు. మనం మాత్రం పాత పేర్లతోనే చెప్పుకుందాం, లేకపోతే ఈ కథలో మనమూ తప్పిపోతాం.

పది రోజుల్లో నాలుగు ఊళ్ళ బోర్డులూ మారాయి. కొత్త పేర్లే వాడాలనీ, పాత పేరు నోట వచ్చినవాళ్ళ అర్జీలు తీసుకోబోమనీ పరబ్రహ్మంగారు గట్టిగా చెప్పించారు. బడిపిల్లల చేత పొద్దున ప్రార్థన అయ్యాక మూడేసిసార్లు అనిపించారు. పెళ్ళి సంబంధానికి బయల్దేరిన బూరుగువలసవాళ్ళు బోర్డు చూసి తిరిగి తమ ఊరికే వచ్చామనుకుని బస్సు దిగిపోయారు. ఇలాంటివి నాలుగు జరిగినా జనం సర్దుకున్నారు. మొగ కోసుకోనిస్తే చాలు, మమ్మల్ని ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతాం అన్నారు పేటవాళ్ళు.

ఇక మిగిలింది తనిఖీ. పరబ్రహ్మంగారు స్వయంగా తెల్లగొడుగు వేయించుకుని గుల్లవానిపేట వచ్చారు. ఆ బోర్డు మీద ఇప్పుడు మొల్లిపాడు అని ఉంది. పోలమ్మని పిలిపించి, ఈ నదిని మీరేమందురు అని అడిగారు. ఆవిడ ఎప్పుడూ అనే మాటే అంటే సరిపోతుంది, గెడ్డ సముద్రంలో పడుతుంది. తవిటినాయుడు ఆవిడకి ఏమీ నేర్పలేదు. నేర్పించడం అతనికి చేతకాదు, పైగా పుట్టినప్పట్నించీ అంటున్న మాటకి నేర్పడమెందుకని అనుకున్నాడు.

ఆఫీసరుగారి ముందు పాత పేరు జారితే అర్జీ పోతుందని పోలమ్మ భయం. పైనున్న ఊరివైపు చూసి, మనసులో లెక్క కట్టుకుని, జాగ్రత్తగా చెప్పింది.

"ఇది పై ఊరినించి వొస్తాది బాబూ. పై ఊరికి మీరు బూరుగువలసని బోర్డు కట్టినారు గదా. అంచేత ఇది బూరుగువలస గెడ్డ."

అడిగిన ప్రతివాళ్ళూ అదే మాటన్నారు. బోర్డుల మీదున్నదాన్ని పట్టుకుని, అలవాటు తప్పకుండా, పై ఊరి పేరే చెప్పారు. కంప్యూటరు ఆ 'బూరుగువలస గెడ్డ'ని తీసుకెళ్ళి బూరుగువలస అనే బోర్డున్న ఊళ్ళో పెట్టింది. ఆ బోర్డున్నది మొల్లిపాడులో. నాలుగు ఊళ్ళూ ఒక మెట్టు దిగాయి, గెడ్డ మాత్రం ఉన్న చోటునుంచి అంగుళం కదల్లేదు. లక్కునాయుడి పొలంలోనే ఆగింది. వారం తర్వాత పాత బోర్డులు మళ్ళీ తెచ్చి కట్టారు.

జనం తన మాట వినలేదని కాదు, అక్షరాలా విన్నారని పరబ్రహ్మంగారికి అర్థమయింది. అది ఆయనకి మరీ కష్టంగా తోచినట్టుంది. ఇక ఈ నది విషయంలో ఎవరూ అర్జీలు పెట్టకూడదనీ, గుల్లవానిపేట ఒడ్డున పార పట్టినవాళ్ళని పట్టుకోవాలనీ ఉత్తర్వు రాసేసి, పై అధికారులకి నదులమీద ఉపన్యాసం ఇవ్వడానికి రాజధానికి వెళ్ళిపోయారు.

నాలుగు రోజులకి కొండ మీద వాన పడింది. తెల్లారి ఆరింటికి కుంకుడుగూడనుంచి ఫోను వచ్చింది. రాళ్ళు దొర్లుతున్నాయి, నీరు బయల్దేరింది, ఈసారి పెద్దదే అని కబురు. సాయంత్రంలోపు పేటకి దిగుతుంది. ఏడున్నరకి తవిటినాయుడికి కూడా ఉత్తర్వు వచ్చింది. కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని గుల్లవానిపేట వెళ్ళి, తవ్వకం జరగకుండా చూసి, జరగలేదని పంచనామా రాసి తేవలెను.

వాళ్ళు వెళ్ళేసరికి ఇసుక మేట మీద మూడు వందల మంది నిలబడి ఉన్నారు. పేటవాళ్ళు ఒక పక్క, లక్కునాయుడు తీసుకొచ్చిన మొల్లిపాడువాళ్ళు ఒక పక్క. వాళ్ళ వెనక మెడలో చక్రాలతో ఇద్దరు గజ ఈతగాళ్ళు కూడా. నీళ్ళు చూడకుండానే ఉద్యోగం అయిపోయేలా ఉంది, ఒకసారి చూసిపోదామని వచ్చారట. ఎవరూ పార నేలకి ఆనించలేదు. పోలమ్మ అప్పటికే మేట మీద నడిచి, మెత్తని చోట మడమతో గీత గీసి, అక్కడే చతికిలబడి కూర్చుంది. వెనక గెడ్డ నీరు రంగు మారుతోంది.

తవిటినాయుడిది ఇంకో నాలుగేళ్ళలో దిగిపోవలసిన ఉద్యోగం. పిల్లకి చదువు ఇంకా అవలేదు. పల్లపు వీధివైపు చూస్తే ఆడవాళ్ళు బియ్యం బస్తాలు పాకల మీదికి ఎక్కిస్తున్నారు. పంచనామా కాగితాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కొయ్యొద్దని రాసిన కాగితం తన దగ్గరుంది, కొయ్యమని రాసినది లేదు. లేనిది ఒక్కటే గదా అనుకుని దాన్ని తనే రాశాడు. ఆ నాలుగు ముక్కలూ రాయడానికి ఐదు నిమిషాలు పట్టింది. రాశాక, చదువురానివాళ్ళు కూడా ఉన్నారని పైకి చదివాడు.

"ఇది మొగ. ఇక్కడ గెడ్డ సముద్రంలో కలుస్తుంది. నేను చూశాను. కోసుకోవడానికి నేనే చెప్పాను. ఇట్లు, పొన్నాన తవిటినాయుడు, సర్వేయరు."

కానిస్టేబులు ఆ కాగితాన్ని తీసుకుని రెండుసార్లు చదివి, సంతకం ఉందా లేదా చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన అమ్మగారి ఊరు కూడా గెడ్డ గట్టునే అని చెప్పి టోపీ తీసి పక్కన పెట్టాడు. పోలమ్మ లేచింది.

పార పడ్డాక ఎంతసేపు? పదకొండింటికి మూరెడు కాలువ తెగింది. ఒంటిగంటకి దాన్ని దాటాలంటే ఈత రావాలి. వరద వచ్చేసరికి మొగ నోరు తెరుచుకుని ఉంది. ఎర్రనీరు సముద్రంలోకి అరమైలు దూరం పోయి, అక్కడ నీలినీటితో కలవకుండా కాసేపు పక్కపక్కనే నిలబడి, తర్వాత కలిసిపోయింది. పల్లపు వీధిలో మోకాలి లోతు వచ్చి తీసేసింది. ఒక్క ఇల్లు పడలేదు. మొల్లిపాడు ఆకుమళ్ళు నిలబడ్డాయి. తవిటినాయుడికి కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఎందుకు దాచాలి, బాగా ఏడ్చాడు.

మర్నాడు ఒక పత్రికలో తెరుచుకున్న మొగ ఫోటో పడింది. దాంతో పరబ్రహ్మంగారు రాజధానినుంచి దిగివచ్చి ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. సంఘం వెంటనే కదిలింది. నదీముఖం ఎక్కడుందో పటంలో చూసుకుని మొల్లిపాడు వెళ్ళింది. లక్కునాయుడి పొలంలో జీపు ఆపి, ఎర్రబోర్డు, రబ్బరు చక్రాలు, ఉప్పెన బాణం అన్నీ ఉన్న చోటే ఉన్నాయని తనిఖీ చేసింది. నదీముఖం మాత్రం కనబడలేదు. ఫోటో చూస్తే అది గుల్లవానిపేటలో ఉంది. కాగితం చూస్తే కింద తవిటినాయుడి సంతకం ఉంది. మూడూ కలిపి చూసుకున్నాక వాళ్ళకి అనుమానమేమీ మిగల్లేదు.

అభియోగపత్రం ఆదివారం పొద్దున అందింది. తవిటినాయుడు అప్పుడు పేటలోనే ఉన్నాడు. మొగ తెరిచాక మొదటిసారి గెడ్డ లోపలి పడవలు సముద్రంలోకి వెళ్ళి వచ్చిన రోజు, పేటవాళ్ళు భోజనానికి పిలిచారు. ఒడ్డున పోలమ్మ చేపలు వేరు చేస్తోంది, చుట్టూ పదిమంది ఆడవాళ్ళున్నారు. సర్కారు ఏం రాసిందో చదవమన్నారు. అతను చదివాడు. ఒక్క ముక్క కూడా వదల్లేదు.

"మొల్లిపాడు గ్రామమునందు యథాస్థానమున ఉండవలసిన, అరవై మీటర్ల వెడల్పు గల ప్రభుత్వ నదీముఖమును, ఎట్టి అనుమతియు లేకుండా, తొమ్మిది కిలోమీటర్ల దూరమునగల గుల్లవానిపేటకు తరలించిన నేరమునకు తమపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో తెలుపవలెను."

పోలమ్మ చేతిలో చేప తట్టలో వేసి, మొల్లిపాడునుంచి వచ్చే బాట వంక చూసింది. ఎర్రగా పారుతున్న మొగ వంక చూసింది. ఆ తర్వాత తవిటినాయుణ్ణి కాళ్ళనుంచి తలదాకా పరీక్షగా చూసింది. మనిషి పట్టుమని యాభై కిలోలుండడు.

"అంత దూరం," అంది, "ఒక్కడివే మోసినావేటి బాబూ?"